సవరణ: పొట్టకు దెబ్బ తగిలితే అరగంట చాలదు

కబడ్డీ దెబ్బల మీద మొన్న రాసినదాంట్లో ఒక మాట తప్పు. పొట్టలో మోకాలు దిగినా, అరగంటలో నొప్పి తగ్గి పొట్ట మెత్తగా ఉంటే మళ్లీ ఆడించొచ్చన్నాను. దయచేసి అలా చేయకండి. ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే, రక్తం నిండిన అవయవం, స్ప్లీన్) చిట్లినా మొదట్లో పొట్ట మెత్తగానే ఉండొచ్చు. కుర్రాళ్లలో బీపీ పడిపోయేసరికే బోలెడు రక్తం పోయి ఉంటుంది. సాధారణంగా నాడి ముందే వేగం అందుకుంటుంది. 10 నిమిషాలకోసారి నాడి పట్టి చూడండి.

ఎడమ పక్కటెముకల కింద దెబ్బ తిన్న పిల్లాడు, పడుకోబెట్టగానే "సార్, ఎడమ భుజం లాగేస్తోంది" అన్నాడనుకోండి. భుజానికి ఏ దెబ్బా లేదు. లోపల కారిన రక్తం డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొరను) తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. నొప్పి స్ప్రే కొట్టి పంపేయకండి! ఏమీ తినిపించకుండా, తాగించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. అల్ట్రాసౌండ్ బాగానే ఉన్నా అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ గురించి డాక్టర్‌ను అడగండి.