చీలండి, మాకు పుస్తకాలు కావాలి

ఎవరు కొట్టుకున్నా లాభపడేది లాయరేనని మనవాళ్ళంటారు. మెన్నోనైట్లనే క్రైస్తవ శాఖవాళ్ళ చరిత్ర గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ని చూడక అన్న మాటది. లాయరు ఫీజు తీసుకుని ఫైలు మూసేస్తాడు. ఈయన పైసా తీసుకోడు, ఫైలు మాత్రం నాలుగొందల ఏళ్ళు మూయడు.

మెన్నోనైట్లు మనకు బొత్తిగా కొత్తవాళ్ళేం కాదు. 1889లో రష్యా నుంచి బయల్దేరి నల్లగొండ చేరిన అబ్రహాం ఫ్రీజెన్ వీళ్ళ మనిషే. పాలమూరు, జడ్చర్ల వైపు 'ఎం.బి. చర్చి ఎక్కడ?' అంటే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. అందులో 'ఎం' అంటే మెన్నోనైట్.

ఆయుధం పట్టరు, ఒట్టు వేయరు, చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక, తెలిసి తీసుకోవాలంటారు. 1525 జనవరిలో జూరిక్‌లో కొందరు ఆ పని చేశారు. రెండేళ్ళు తిరక్కుండానే వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను ఊరి పెద్దలు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నీళ్ళ దగ్గర మొదలైన తగవుని నీళ్ళలోనే తేల్చేశారన్నమాట.

మరి కత్తి పట్టనివాళ్ళకి కోపమొస్తే ఏం చేస్తారు? చీలిపోతారు. వెలివేసినవాడితో కలిసి భోంచేయొచ్చా అన్న మీమాంస పెద్దదై 1693లో యాకోబ్ అమ్మాన్ వర్గం వేరుపడింది. వాళ్ళే ఆమిష్‌లు. ఇక ఆ దారి రాజమార్గమైపోయింది. కోటుకి బొత్తాలా, కొక్కేలా? ప్రసంగం జర్మన్‌లోనా, ఇంగ్లిష్‌లోనా? 1927లో పెన్సిల్వేనియాలో కారు దగ్గర ఒక సంఘం రెండయింది. వద్దన్నవాళ్ళు గుర్రబ్బండిలోనే ఉండిపోయారు. ఎక్కినవాళ్ళు మాత్రం సుఖంగా ఎక్కారా? కారు మెరిస్తే గర్వమొస్తుందని బంపర్‌కి నల్లరంగు పూశారు. బండివాళ్ళు పొలంలోకి ట్రాక్టర్ని రానిచ్చారు గానీ, రబ్బరు టైర్లుంటే కుర్రాళ్ళు షికారుకి తీసుకుపోతారని ఇనుప చక్రాలు బిగించారు. మన ఇళ్ళల్లో పిల్లలకి బైకు కొనిచ్చేముందు ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, అదీ బాధ.

ఇలా చీలినప్పుడల్లా పాస్టరుకి నిద్ర పట్టదు. లైబ్రేరియన్ కొత్త బీరువాకి కొలతలు తీసుకుంటాడు. ఎందుకంటే వేరుపడ్డవాళ్ళు తామెందుకు వేరుపడ్డారో ఒక కరపత్రం వేస్తారు. ఉండిపోయినవాళ్ళు దానికి జవాబేస్తారు. తర్వాత ఎవరి నియమావళి వాళ్ళది, ఎవరి పాటల పుస్తకం వాళ్ళది. ఈయన రెండు పక్షాలకూ అంతే మర్యాదగా ఉత్తరం రాసి, తలా రెండు కాపీలు అడుగుతాడు.

ఇండియానా రాష్ట్రంలో గోషెన్ కాలేజీ గ్రంథాలయం ఇలాంటి వాటిలో పేరున్నది. అక్కడి హెరాల్డ్ బెండర్ 1927లో త్రైమాసిక పత్రిక పెట్టి, 1955కీ 1959కీ మధ్య నాలుగు సంపుటాల మెన్నోనైట్ విజ్ఞాన సర్వస్వం తెచ్చాడు. 'నేను' అనడమే పాపమనుకునే జనం గురించి నాలుగు సంపుటాలు! అణకువని ఇంత వివరంగా అచ్చేసుకున్నవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

లైబ్రేరియన్ పైకి చెప్పుకోలేని ఋణం ఇంకొకటుంది. తొలినాళ్ళ సమాచారం చాలావరకు శత్రువుల గుమాస్తాలు రాసిపెట్టిందే. నీకు బాప్తిస్మం ఎవరిచ్చారు, ఏ ఇంట్లో, పక్కన ఎవరున్నారు? చిత్రహింస పెడుతూ అడిగారు, చక్కటి చేతిరాతతో దస్త్రం కట్టారు. పట్టించుకోకుండా వదిలేసినవాడి ఊసు ఎక్కడా లేదు.

అన్నింటికన్నా ఆయన జాగ్రత్తగా బయటికి తీసేది 'హతసాక్షుల దర్పణం', విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ కథల పుస్తకం. 1748లో పెన్సిల్వేనియాలోని ఎఫ్రాటా మఠంవాళ్ళు పదిహేనుమంది మూడేళ్ళు కష్టపడి 1300 ప్రతులు అచ్చేశారు. పదిహేను వందల పైచిలుకు పేజీలు. అట్టలకి చెక్క పలకలు, మూయడానికి ఇత్తడి కొక్కేలు. ఒంటిచేత్తో ఎత్తబోతే మణికట్టు పోతుంది. 1685 నాటి డచ్చి ప్రతిలో యాన్ లాయ్కెన్ చెక్కిన బొమ్మ ఒకటుంది. తనని పట్టుకోవడానికి తరుముతూ వచ్చినవాడు కాళ్ళకింద మంచుగడ్డ పగిలి నీళ్ళలో పడిపోతే, డిర్క్ విల్లెమ్స్ వెనక్కొచ్చి రెండు చేతులూ చాస్తున్నాడు. ఒడ్డుకి లాగాడు. పట్టుబడ్డాడు. 1569లో తగలబెట్టారు. ఇక్కడ నా వ్యంగ్యం కాసేపు పనిచేయదు, క్షమించాలి.

మళ్ళీ పనిచేయడానికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం సాయపడింది. ఎఫ్రాటాలో బైండు చేయకుండా మిగిలిన ప్రతుల్ని సైనికులు పట్టుకుపోయి తూటాలు చుట్టుకున్నారు. అహింస ఇంత వేగంగా ఇంకెప్పుడూ ప్రచారం కాలేదు.

రోజువారీ పని మాత్రం వంశవృక్షాలే. యోడర్, మిల్లర్, ట్రోయర్, హోస్టెట్లర్... వచ్చే ప్రతివాడిదీ ఈ నాలుగైదు ఇంటిపేర్లలో ఒకటి. 'మా తాత జాన్ యోడర్, ఆయన వివరాలు కావాలి' అంటాడు అమాయకంగా. మన పెళ్ళిభోజనాల్లో 'మీదే ఊరు, ఫలానావాళ్ళు మీకేమవుతారు' అని ఆకు ముందు కూర్చునే ఆరా తీసే పెద్దావిడ ఉంటుందే, ఆవిడకి జీతమిచ్చి, బీరువాలిచ్చి కూర్చోబెడితే ఈ ఉద్యోగం. పావుగంటలో వచ్చినవాడు ఈయనకి ఏడో తరంలో మేనమామ వరసని తేలుతుంది. అయినా జిరాక్స్ డబ్బులు తీసుకుంటాడు.

సాయంత్రం టపాలో పల్చటి కవరొచ్చింది. ఏదో ఊళ్ళో ముప్ఫై కుటుంబాలు వేరుపడ్డాయట, లోపల కారణాలతో ఎనిమిది పేజీలు. లైబ్రేరియన్ నిట్టూర్చి, తేదీ ముద్ర వేసి, షెల్ఫులో నిలబెట్టాడు. పక్కనే రెండంగుళాలు ఖాళీ వదిలాడు. అవతలివాళ్ళ జవాబు వస్తుందిగా.