టేబుల్ ఉండగా ట్రెడ్‌మిల్ ఎందుకు?

గుండె జబ్బులకు మార్గదర్శకాలు రాసే పెద్దల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఒక పక్క యాంజియోగ్రామ్ చేసే గది, అదే క్యాథ్ ల్యాబ్, టేబుల్‌తో సహా సిద్ధంగా ఉంటుంది. మణికట్టులోంచి గుండె దాకా పాకే సన్నటి గొట్టం ఉంటుంది. తెర మీద నల్లటి కొమ్మల్లా విచ్చుకునే రక్తనాళాలు ఉంటాయి. అయినా వీళ్లు ‘ముందు టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ చూసే పరీక్ష) చేయండి, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చూడండి, వీలైతే సీటీ స్కాన్ తీయండి’ అంటూ అడ్డుపుల్లలు వేస్తూనే ఉంటారు.

అసలు ఈ విద్య వంశచరిత్ర వీళ్లకు తెలుసా? 1929లో జర్మనీలో వెర్నర్ ఫార్స్‌మన్ అనే డాక్టరు తన చేతి సిరలోంచి గుండెలోకి తానే గొట్టం పంపుకొని, ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. ముందు ఏ ట్రెడ్‌మిల్ ఎక్కాడు? 1956లో నోబెల్ కూడా ఇచ్చారు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే గుండె వైద్యుడు రోగి మహాధమనిలో వదలబోయిన డై (ఎక్స్‌రేలో నాళాలు కనిపించేలా చేసే ద్రవం) పొరపాటున కరోనరీ ధమనిలోకి, అంటే గుండెకే రక్తం అందించే నాళంలోకి పోయింది. గుండె కాసేపు ఆగింది. ఆయన దగ్గమన్నాడు, రోగి దగ్గాడు, గుండె మళ్లీ అందుకుంది. కరోనరీ యాంజియోగ్రఫీ (మనం యాంజియో అనేది) పుట్టుకే పొరపాటున జరిగితే, ఇప్పుడు ఆచితూచి చేయమనడం వంశమర్యాదను మంటగలపడం కాదా?

పరీక్షలు మొత్తానికే వద్దని నేను అనను. మర్యాద కోసమైనా ఒకటి ఉండాలి. ఛాతీకి పది ఎలక్ట్రోడ్లు అంటించుకుని, మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెరిగే పట్టా మీద రోగి ఆయాసపడుతూ నడుస్తాడు. ముందున్న కడ్డీని వదలడు. కళ్లు మాత్రం ఈసీజీ గీతల మీద కాదు, ఆ గీతలు చూస్తున్న టెక్నీషియన్ కనుబొమల మీద ఉంటాయి. పాపం, ఇంకా ఫలితాన్ని బట్టే నిర్ణయం జరుగుతుందని ఆయన నమ్మకం.

తేడా కనిపించిందా, యాంజియో చేయాల్సిందే. సరిగా తేలలేదా, యాంజియో చేస్తే తేలిపోతుంది. అంతా బాగుందా, టీఎంటీని పూర్తిగా నమ్మలేం కదా, ఒకసారి చూసేస్తే మనశ్శాంతి. మూడు దారులూ ఒకే టేబుల్ దగ్గరికి చేరతాయి. ఇంత నిష్పక్షపాతమైన పరీక్ష వైద్యంలో మరొకటి లేదు.

గిట్టనివాళ్లు అంకెలు తీస్తారు. అమెరికాలో గుండె జబ్బు ఉన్నట్టు ముందుగా తెలియకుండా, అత్యవసరమూ లేకుండా యాంజియో చేయించుకున్న సుమారు 4 లక్షల మంది వివరాలు 2010లో వెలువడ్డాయి. వాళ్లలో దాదాపు 84 శాతం మంది ముందు ఏదో ఒక పరీక్ష చేయించుకున్నవారే. తీరా చూస్తే రక్తప్రసారాన్ని అడ్డుకునే పూడిక ఉన్నది 37.6 శాతం మందిలోనే. 39.2 శాతం మందిలో అసలు జబ్బే లేదన్నారు. దీన్ని వైఫల్యం అంటారా? అన్ని వేల కుటుంబాలకు ‘బ్లాకులు లేవు’ అన్న శుభవార్త అందింది! ఆ వార్త వినగానే చేతులు జోడించినవాళ్లే గానీ, ‘మరి లోపలికి ఎందుకు వెళ్లారు?’ అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

2022లో వచ్చిన ఐరోపా అధ్యయనం ఇంకా అన్యాయం. నిలకడగా ఉన్న ఛాతీనొప్పితో యాంజియోకు పంపిన 3,561 మందిలో కొందరికి ముందు సీటీ చేశారు, కొందరికి నేరుగా గొట్టం వేశారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చికిత్స ప్రక్రియల వల్ల వచ్చిన పెద్ద చిక్కులు మాత్రం సీటీ వారిలో 0.5 శాతం, గొట్టం వారిలో 1.9 శాతం. ఊపిరి బిగబట్టి సీటీ సొరంగంలో పడుకోవడంలో సాహసం ఏముందని?

ఒక్క మాట వేళాకోళం లేకుండా చెబుతాను. గుండెపోటు వచ్చి నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు. అక్కడ గొట్టమే ప్రాణం నిలుపుతుంది, ప్రతి నిమిషమూ లెక్కే. నా ఫిర్యాదంతా తీరికగా నడిచి వచ్చి, తీరికగా నడిచి వెళ్లగలిగే వాళ్ల గురించి.

వాళ్లలో ఈమధ్య ఒక చెడ్డ అలవాటు మొదలైంది. పట్టా ఎక్కే ముందు ఆగి, ‘డాక్టరుగారూ, ఇది మామూలుగా వస్తే యాంజియో మానేస్తారా?’ అని అడుగుతున్నారు. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. టెక్నీషియన్ కాగితపు చుట్ట సర్దుకుంటాడు. డాక్టరుగారు ఫైలు మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం మొదలుపెడతారు. ఇలాంటివారి విషయంలో నా సలహా ఒక్కటే: పట్టా ఎత్తు ఇంకొంచెం పెంచండి. ఆయాసంలో మాట పెగలదు.