గరాజులో పోసిన గుండ్లు, ఇంట్లో తేలిన సీసం

ఇంట్లో సీసం కరిగించి తుపాకి గుండ్లు సొంతంగా పోత పోసుకోవడం అమెరికాలో తరతరాలుగా ఉన్న వ్యాపకం. ఫిలడెల్ఫియా శివారులోని మా ఇంటి గరాజులో నేనూ మూడేళ్ళపాటు ఆ పని చేశాను, ఎంతో ఇష్టంగా చేశాను. చిన్నపిల్లలున్న ఇంట్లో, ముఖ్యంగా ఇంటిని ఆనుకొని ఉండే గరాజులో, ఈ పని ఎవరూ చేయకూడదని ఈరోజు చెబుతున్నాను. తుపాకులంటే పడనివాడి మాటగా దీన్ని తీసుకోవద్దు. నా అభ్యంతరం తుపాకి మీద కాదు, సీసం ధూళి మీద.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మనం తూటా అనేది ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల పేలే మందు, మూతి దగ్గర గుండు, ఇవన్నీ కలిసిన వస్తువు. ఇంట్లో పోత పోసేది అందులో గుండును మాత్రమే. నా వాడుకలోని గుండు 158 గ్రెయిన్ల బరువు, అంటే పది గ్రాములకు కాస్త పైన. లైసెన్సున్న షూటింగ్ రేంజిలో కాగితపు గురి మీద కాల్చడానికే దాన్ని వాడేవాణ్ణి.

ఈ పని మీద నాకు మనసు పడటానికి కారణం మా నాన్న. ఆయన తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేశారు. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడికి వెళ్ళి, గళ్ళ పెట్టెల ముందు నిలబడి ఆయన వేళ్ళు అక్షరాలను ఏరుతుంటే చూసేవాణ్ణి. అచ్చక్షరాల లోహం సీసం, యాంటిమొనీ, తగరం కలిపి చేసిన మిశ్రమం. గుండ్లు పోసేవాళ్ళు ఇక్కడ ఎంతో అపురూపంగా చూసుకొనే, లైనోటైపు అనే అచ్చు యంత్రంలో వాడిన లోహం కూడా ఆ కుటుంబానిదే: 84 పాళ్ళు సీసం, 12 పాళ్ళు యాంటిమొనీ, 4 పాళ్ళు తగరం. సీసం ఒక్కటే అయితే మరీ మెత్తన, యాంటిమొనీ దానికి గట్టిదనం ఇస్తుంది, తగరం కలిస్తే కరిగిన లోహం అచ్చులోని ప్రతి మూలకూ పారుతుంది. మూతబడిన ఒక ముద్రణాలయం సామాన్ల అమ్మకంలో అలాంటి దిమ్మ ఒకటి మొదటిసారి చేతికి వచ్చినప్పుడు నాన్న వేళ్ళ చివరల నలుపు గుర్తుకొచ్చింది. అది నాకు అప్పుడే హెచ్చరికగా తోచవలసింది. ఆప్యాయంగా మాత్రమే తోచింది.

పనిలోని అందాన్ని తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పోత మాత్రం 370కీ 400కీ మధ్య బాగా వస్తుంది. కరిగిన లోహం మీద తేలే మలినాన్ని, అంటే చిట్టెాన్ని, తీసేసిన మరుక్షణం పాత్రలోని లోహం అద్దంలా మెరుస్తుంది, చూస్తుండగానే దాని మీద పసుపు, ఆపైన నీలం ఛాయలు పొరలుగా కమ్ముకుంటాయి. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి, మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. అచ్చు పైపలక మీద నిలిచిన చిన్న సీసపు మడుగు మధ్యలో సన్నని గుంట పడి, మెరుపు పోయి మసకబారే క్షణం కోసం ఊపిరి బిగబట్టి చూడాలి, ఆ తరువాతే పలకను కొట్టి అచ్చు తెరవాలి. మడతపెట్టిన తువ్వాలు మీద గుండ్లు మెత్తగా పడే చప్పుడు ఈరోజుకూ నా చెవుల్లో ఉంది. రోజంతా తెర ముందు కూర్చుని కోడ్ రాసేవాడికి చేతితో ముట్టుకోగల వస్తువు ఒకటి తయారవడం ఎంత తృప్తినిస్తుందో, ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడు, "అన్నా, నాకూ నేర్పించండి" అని అడిగాడు. అతను ఉన్నది హెచ్ వన్ బీ వీసా మీద. ఈ పోస్టు రాయడానికి అదొక కారణం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపుల కిందికి వస్తే తప్ప, తుపాకిని గానీ మందుగుండును గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఆ చట్టం మందుగుండుకు ఇచ్చిన నిర్వచనంలో పూర్తి తూటా ఒక్కటే లేదు, ఖాళీ ఇత్తడి గొట్టం, ప్రైమరు, మందు, చివరికి గుండు కూడా విడివిడిగా ఉన్నాయి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగింది అందుకే. తుపాకి లేకపోయినా సరదాకి నాలుగు గుండ్లు పోసి చూద్దామనుకొనే మన పిల్లలు ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. భారతదేశంలో ఉన్నవాళ్ళకైతే ఇది అసలు ఆలోచించవలసిన వ్యాపకమే కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా మందుగుండు తయారీ నేరం, దాని విడిభాగాలూ, తయారుచేసే యంత్రాలూ కూడా ఆ చట్టపు మందుగుండు నిర్వచనంలోకే వస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. మా చిన్నవాడికి రెండేళ్ళు నిండినప్పుడు పిల్లల డాక్టరు దగ్గర మామూలుగా చేసే సీసం పరీక్ష చేశారు. వేలి నుంచి తీసిన చుక్కలో ఎక్కువ కనిపించిందని మళ్ళీ పిలిపించి నరం నుంచి రక్తం తీశారు. డెసిలీటరుకు 6.2 మైక్రోగ్రాములు అని వచ్చింది. పిల్లల విషయంలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో పెట్టుకొన్న హద్దు 3.5. అది సురక్షితమని చెప్పే గీత కాదు, అది దాటితే మూలం ఎక్కడుందో వెతకాలని చెప్పే గీత. పిల్లల విషయంలో సురక్షితమైన సీసం మోతాదంటూ ఇంతవరకూ ఏదీ తేలలేదు.

నర్సు ఫోను చేసి అడిగిన మొదటి ప్రశ్న, ఇల్లు 1978కి ముందు కట్టినదా అని, ఎందుకంటే ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని ఇక్కడ ఆ ఏడాదే నిషేధించారు. మాది 2006లో కట్టిన ఇల్లు. రెండో ప్రశ్న మసాలాల గురించి, మూడోది కాటుక, కుంకుమల గురించి. మన ఉపఖండపు పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేటు అనే సీసపు రంగుపొడి కలిపిన ఉదంతాలు నిజంగానే బయటపడ్డాయి కాబట్టి ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. తప్పు నాది. ఆ ప్రశ్న వినగానే నా కళ్ళు వంటింట్లో అమ్మ తెచ్చిన పసుపు డబ్బా మీదికి పోయాయి. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. దుగ్గిరాల నుంచి కొమ్ములు కొని, ఎండబెట్టి, దగ్గరుండి ఆడించి తెచ్చిన పసుపు అది. ఆ డబ్బానూ, మనవడికి దిద్దడానికి ఆమె ఇంట్లో పట్టిన కాటుకనూ ఆమె కళ్ళ ముందే చెత్తబుట్టలో పడేశాను. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. మూడు వారాలపాటు పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి కూడా వెనకాడింది.

నర్సు అడిగిన నాలుగో ప్రశ్న, ఇంట్లో ఎవరైనా సీసంతో పనిచేస్తారా అని. పోత పోస్తానని చెప్పాను. చెబుతూనే, గరాజు తలుపు తీసే ఉంచుతాననీ, ఫ్యాను పెడతాననీ, పిల్లల్ని దగ్గరికి రానివ్వననీ సమర్థించుకొన్నాను. చెప్పిన ప్రతి మాటా నిజమే. తరువాత తడి గుడ్డలతో ఇంట్లో పలుచోట్ల తుడిచి ఆ గుడ్డలను ల్యాబుకు పంపించాము. వంటింట్లో ఏమీ లేదు. సీసం తేలిన చోట్లు ఇవి: గరాజు నుంచి ఇంట్లోకి వచ్చే మెట్టు, చెప్పుల అర, హాల్లో నేను కూర్చొనే సోఫా చెయ్యి, కారులో నా సీటు. పిల్లవాడు రోజూ సాయంత్రం ఆ చెప్పుల అర ముందే బోర్లా పడుకొని బొమ్మ కార్లు నడిపేవాడు. నా బూట్ల లేసులు నోట్లో పెట్టుకొనేవాడు.

ఈ వ్యాపకంలో ఉన్నవాళ్ళతో నేను వాదానికి దిగేది ఇక్కడే. ఎవరిని అడిగినా పొగ గురించి చెబుతారు, గాలి ఆడాలంటారు, కళ్ళద్దాలూ తోలు చేతిగ్లవ్సులూ తప్పనిసరి అంటారు. కరిగిన సీసంలో చెమట చుక్క పడినా నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని పైకి చిమ్ముతుందని భయపెడతారు. అవన్నీ నిజమైన జాగ్రత్తలే, నేనూ పాటించాను. అయితే సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర. మనం పోత పోసే వేడిలో సీసం ఆవిరిగా లేవడం బహు స్వల్పం. ప్రమాదం ఉన్నది పైన తేలే చిట్టెంలో, బూడిదలా రాలే ఆక్సైడులో, గుండ్లను గుప్పిట పట్టి ఏరిన చేతిలో. ఆ ధూళికి వాసన లేదు, అది దగ్గు తెప్పించదు, చర్మాన్ని మండించదు. చేతి నుంచి నోటికీ, చొక్కా నుంచి సోఫాకూ, బూటు నుంచి చాపకూ చడీచప్పుడూ లేకుండా చేరుతుంది.

మరొకటి కూడా తెలిసింది. కాల్చిన ఇత్తడి గొట్టాలను శుభ్రం చేయడానికి వాల్‌నట్ పెంకుల పొడి వేసి గిరగిరా ఆడించే యంత్రం ఒకటి ఉంటుంది. ఎక్కువ రకాల ప్రైమర్లలో ఉండేది లెడ్ స్టిఫ్నేటు అనే సీసపు పేలుడు పదార్థం, కాల్చిన తరువాత దాని అవశేషం గొట్టంలో మిగులుతుంది, ఆ పొడిని జల్లెడ పట్టిన ప్రతిసారీ అది గాలిలోకి లేస్తుంది. పోత పాత్ర దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న నేను ఆ జల్లెడ పట్టేటప్పుడు మాస్కు కూడా పెట్టుకోలేదు. ఆపైన గరాజును పొడి చీపురుతో ఊడ్చేవాణ్ణి. సీసం ధూళి ఉన్న చోట పొడి చీపురు కంటే చెడ్డ పనిముట్టు లేదు.

"ముప్పై ఏళ్ళుగా పోస్తున్నాను, నాకేమీ కాలేదు" అనే మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎప్పుడైనా రక్తంలో సీసం పరీక్ష చేయించుకొన్నారా అని అడిగితే ఎక్కువమంది నుంచి సమాధానం ఉండదు. చేయించుకొన్న కొందరు తమ సంఖ్య 40 లోపే ఉంది కదా అంటారు. ఆ 40 ఎక్కడిది? 1978లో కార్మికుల కోసం చేసిన నిబంధన ప్రకారం, సీసం మరీ పెరిగి పని నుంచి తప్పించిన మనిషిని తిరిగి పనిలోకి తీసుకోవడానికి పెట్టిన హద్దు అది. దాన్ని పట్టుకొని ఇల్లు సురక్షితమని ఎలా అంటాము? నాకు పరీక్ష చేస్తే 17 వచ్చింది. నాకు ఏ నొప్పీ లేదు, నీరసమూ లేదు. రక్తంలోని సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుందని చెబుతారు గానీ, శరీరంలోకి చేరిన సీసంలో అధిక భాగం ఎముకల్లో దాక్కొని దశాబ్దాలపాటు ఉంటుంది, కొద్దికొద్దిగా తిరిగి రక్తంలోకి వస్తుంది. పెద్దవాడు తిన్న సీసంలో ఒంటికి పట్టేది తక్కువ, పసివాడికి పట్టేది చాలా ఎక్కువ. ముప్పై ఏళ్ళుగా తనకేమీ కాలేదన్న మనిషి తన ఇంట్లో పెరిగిన పిల్లల గురించి ఏ ఆధారంతో చెబుతున్నట్టు?

కొనకుండా సీసం సంపాదించాలన్న తాపత్రయం మరింత ప్రమాదకరం. ఒకప్పుడు కారు చక్రాలకు బిగించే తూకపు ముక్కలు టైర్ల షాపుల్లో బకెట్ల కొద్దీ దొరికేవి. కాలిఫోర్నియా 2010 నుంచి, వాషింగ్టన్ రాష్ట్రం 2011 నుంచి సీసపు తూకాలను ఆపేశాయి, ఇప్పుడు ఆ బకెట్లలో ఎక్కువగా జింకు, ఉక్కు ముక్కలే ఉంటున్నాయి. దాంతో కొందరి చూపు పాత కారు బ్యాటరీల మీద పడుతోంది. బ్యాటరీని ఇంట్లో విప్పి కరిగించడం మాత్రం ఎవరూ, ఎక్కడా చేయకూడని పని. అందులోని ఆమ్లం, సీసపు సమ్మేళనాల ముద్ద ఒక ఎత్తైతే, పలకల్లో ఉండే ఆర్సెనిక్, యాంటిమొనీల వల్ల తడి తగిలిన చిట్టెం నుంచి ప్రాణాంతకమైన విషవాయువులు పుట్టగలవు. సెనెగల్ రాజధాని డాకర్ పక్కన థియారోయ్ అనే పేటలో పాత బ్యాటరీల సీసాన్ని ఇళ్ళ మధ్యే తీసి, మట్టిని జల్లెడ పట్టి అమ్ముకొన్నారు. 2007 నవంబరు, 2008 మార్చి నెలల మధ్య అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. మన ఊళ్ళలో పాత బ్యాటరీలు విప్పేవాళ్ళ ఇళ్ళలోనూ, వలలకు కట్టే సీసపు గుళ్ళను ఇంటి పొయ్యి మీద పోసుకొనేవాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలు ఉంటారు. వాళ్ళకు ఇది సరదా కాదు, కూడు పెట్టే పని. నాలాంటి వాడికి ఆ సాకు కూడా లేదు.

మానేయమని మాత్రమే చెప్పి ఊరుకోను, ఎందుకంటే కొందరు మానరు. పోయదలచుకొన్నవాళ్ళు ఇంటికి దూరంగా, విడిగా ఉన్న షెడ్డులో పోయండి. ఆ షెడ్డుకు ఒక జత బట్టలు, ఒక జత బూట్లు కేటాయించి, అవి ఇంటి గడప దాటకుండా చూడండి, బట్టలు విడిగా ఉతకండి. నేల తడిగుడ్డతోనే తుడవండి. అక్కడ మంచినీళ్ళు కూడా తాగవద్దు. మామూలు సబ్బుకు సీసం పూర్తిగా వదలదు, దాన్ని వదిలించడానికే చేసిన సబ్బులు ఉన్నాయి, వాటితో కడుక్కొని, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి. మొదటి గుండు పోయకముందే ఒకసారి, ఆ తరువాత ఆరు నెలలకొకసారి రక్త పరీక్ష చేయించుకోండి. ఇంట్లో గర్భిణి గానీ ఆరేళ్ళ లోపు పిల్లలు గానీ ఉంటే ఇవన్నీ చేసినా సరే, కొన్నేళ్ళు ఆగండి. కావలసిన గుండ్లు షాపులో దొరుకుతాయి.

మా ప్రెస్సులో కంపోజిటర్లకు సాయంత్రం బెల్లం ముక్క, గ్లాసుడు పాలు ఇచ్చేవారని నాన్న చెబుతుండేవారు. సీసం విరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. కాల్షియం, ఇనుము సరిపడా ఉన్న ఒంటికి సీసం కొంత తక్కువగా పడుతుందన్నది నిజమే గానీ, ఎక్కిన సీసాన్ని పాలు దింపలేవు. అది కూడా తెలియని రోజుల్లో, చేతులు కడుక్కోవడానికి ఒకే ఒక్క కుళాయి ఉన్న చోట ఆయన పనిచేశారు. నాకు అన్నీ తెలిసే అవకాశం ఉంది, వేడినీళ్ళు ఉన్నాయి, విడి గది కట్టుకొనే స్తోమత ఉంది.

ఎనిమిది నెలల తరువాత చిన్నవాడి సంఖ్య 3.1కి దిగింది, నాది 10 దగ్గర ఉంది. పాత్ర, అచ్చులు, మిగిలిన దిమ్మలు పొలం మధ్య షెడ్డున్న ఒక స్నేహితుడికి ఇచ్చేశాను. గరాజు నేలను మూడుసార్లు కడిగించి రంగు వేయించాను, సోఫా పారేశాను.

అమ్మ వచ్చే నెల మళ్ళీ వస్తోంది. ఫోనులో, "పసుపు అక్కడే కొనుక్కుందాంలే నాయనా" అంది. దుగ్గిరాల కొమ్ములే కొని, ఎప్పటిలాగే ఆడించి తీసుకురమ్మని చెప్పాను. కాటుక కూడా పట్టి తెస్తానని ఆమె అనలేదు. నేనే అడిగాను.