సవరణ: జియో600కు డార్క్ మేటర్ దొరకలేదు

జర్మనీలో హనోవర్ దగ్గరున్న గురుత్వ తరంగ డిటెక్టర్ (స్థలకాలంలో పుట్టే అతి సూక్ష్మమైన అలలను పట్టే యంత్రం) జియో600కు డార్క్ మేటర్ (కంటికి కనబడకుండా, గురుత్వాకర్షణ వల్లే ఉనికి తెలిసే పదార్థం) దొరికిందని మొన్న రాశాను. అది తప్పు. 2021 డిసెంబరులో నేచర్ సైన్స్ పత్రికలో వచ్చిన ఆ బృందం పరిశోధనా పత్రం ప్రకారం సంకేతమేదీ దొరకలేదు. వాళ్లు వెతికిన స్కేలార్ ఫీల్డ్ రకం (అంతటా పరుచుకుని అలలా ఊగే క్షేత్రంగా ఊహించిన) డార్క్ మేటర్ ప్రభావం ఇంతకు మించి ఉండదని హద్దు మాత్రం తేల్చారు.

వెతికింది డార్క్ మేటర్ పుట్టించే గురుత్వ తరంగాల కోసం కూడా కాదు. స్కేలార్ ఫీల్డ్ డార్క్ మేటర్ నిజంగా ఉంటే, లేజర్ కాంతిని రెండు దారులుగా చీల్చే బీమ్ స్ప్లిటర్ మందం, వక్రీభవన గుణకం (దానిలో కాంతి ఎంత వంగుతుందో చెప్పే లెక్క) అతి స్వల్పంగా, ఆగకుండా ఊగుతూ ఉండాలి. ఆ ఊగిసలాట రెండు దారుల మీదా ఒకేలా పడదు, అందుకే పట్టుకునే వీలుంది. ఎంత తెలివైన ఆలోచనో! అమెరికాలోని గురుత్వ తరంగ డిటెక్టర్ లైగోతో పోలిస్తే చిన్నదైన ఈ యంత్రమే ఈ పనికి బాగా నప్పింది.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్నీ పంపండి.