పగడాలు పెరిగాయన్నది నిజమే, మరి 2025 మాటేంటి?

ఆస్ట్రేలియా సముద్రంలోని పగడపు దిబ్బల మీద వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది: "ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాలు 36 ఏళ్లలో ఎన్నడూ లేనంత పెరిగాయి. సముద్రం వేడికి చచ్చిపోతున్నాయన్నది బూటకం. తుపాన్లు ఎప్పుడూ ఉన్నవే, పైగా నీళ్లని చల్లబరుస్తాయి."

మొదటి వాక్యం గాల్లోంచి పుట్టలేదు. ఆస్ట్రేలియా సముద్రశాస్త్ర సంస్థ ఎయిమ్స్ (మన ఆసుపత్రి కాదు లెండి) 2022 ఆగస్టులో చెప్పిందే: రీఫ్ అడుగున బతికున్న పగడం పరుచుకున్నది ఉత్తర భాగంలో 36 శాతం, మధ్యలో 33 శాతం. దక్షిణాన మాత్రం ఆ ఏడు తగ్గింది. ఫార్వర్డ్‌లో ఆ ముక్క ఎగిరిపోయింది.

అసలు ఆ శాతం ఎలా వస్తుంది? చిన్న పడవ వెనక తాడుకి కట్టిన పలక పట్టుకుని డైవరు నీళ్లలో సాగుతుంటాడు. రెండు నిమిషాలకోసారి పడవ ఆపుతారు. కింద బతికున్న పగడం ఎంత మేర పరుచుకుందో కంటితో అంచనా కట్టి రాసుకుంటాడు. అంటే ఆ అంకె చెప్పేది పరుపు ఎంతన్నదే. ఏ జాతి, ఎంత వయసు అన్నది కాదు. 2022 నాటి పెరుగుదలలో సింహభాగం అక్రోపోరాది. కొమ్మల్లా, బల్లల్లా చకచకా పెరిగే రకం. తుపానుకి కొబ్బరితోట కూలినచోట తుమ్మ లేచినా పైనుంచి పచ్చగానే కనిపిస్తుంది కదా, అలాగన్నమాట. (తుమ్మతో పోల్చడం కాస్త అన్యాయమే, అక్రోపోరా అక్కడి సొంత జాతే.) కానీ పెద్ద అలకి ముందు విరిగేది అదే, వేడికి ముందు తెల్లబడేదీ (లోపలి నాచు పోయి పాలిపోయి నీరసించేదీ) అదే, ముళ్లకిరీటం నక్షత్ర చేపకి ఇష్టమైన మేతా అదే.

విరిగింది కూడా. 2024 వేసవి వేడి, తుపాన్లు, ఆ నక్షత్ర చేపలు అన్నీ కలిసి కొట్టాక, 2025 ఆగస్టులో అదే ఎయిమ్స్ లెక్క: ఉత్తరాన 39.8 నుంచి 30కి, దక్షిణాన 38.9 నుంచి 26.9కి. ఆ రెండుచోట్లా ఒక్క ఏడాదిలో ఇంత పడిపోవడం సర్వే మొదలయ్యాక ఎప్పుడూ లేదు. 2022 లెక్కని నమ్మినవాళ్లు దీన్నీ నమ్మాలిగా?

తుపాను చల్లబరుస్తుందన్నదీ సగం నిజం. 2016 ఫిబ్రవరిలో ఫిజీని ఊడ్చేసిన విన్‌స్టన్ తుపాను బలహీనపడి, ఈ రీఫ్ ఉన్న క్వీన్స్‌లాండ్ తీరం వైపు వస్తే మబ్బు కమ్మి, వాన కురిసి దక్షిణ భాగం చల్లబడింది. ఉత్తరానికి ఆ అదృష్టం లేక ఉడికిపోయింది. పైగా చల్లదనం దూరంగా ఉన్నవాటికే. తుపాను దారిలో పడ్డవి ముక్కలవుతాయి. 1985 నుంచి 2012 దాకా అక్కడ పగడపు పరుపు సగానికి పడిపోతే, ఆ నష్టంలో 48 శాతం తుపాన్ల వల్లేనని 2012 అధ్యయనం తేల్చింది.

"ఎప్పుడూ ఉన్నవే" అంటారా? తుపాన్ల సంఖ్య పెరిగిందని నేననడం లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్యలో పగడాలు ఊపిరి తీసుకునే వ్యవధి పోయింది. పెద్ద ఎత్తున తెల్లబడటం 1998, 2002లో జరిగాక పద్నాలుగేళ్లు ఆగింది. ఆ తర్వాత 2016, 2017, 2020, 2022, 2024, 2025.