పవర్ ఎంతనేది ఏరియాని బట్టి ఉంటదండీ

మరీ పెద్ద, మరీ చిన్న నంబర్లని 10 పవర్లతో పొట్టిగా రాసే సైంటిఫిక్ నొటేషన్ మా బెజవాడ పిల్లలకి ఎక్కట్లేదని మేస్టార్లు తెగ బాధపడిపోతున్నారు. నేను బాగా ఆలోచించే చెప్తున్నా, ఈ పాఠాన్ని స్కూళ్ళ దగ్గర లాగేసుకుని రియల్ ఎస్టేట్ బ్రోకర్లకి అప్పజెప్పాలి.

మా పక్కింటి కుర్రాడి సంగతే చూడండి. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వచ్చిన వరద 11.43 లక్షల క్యూసెక్కులు కదా, వాడు 11.43 ఇంటూ 10 పవర్ 5 అని రాశాడు, మేడం సున్నా వేసింది. ముందుండే నంబరు 1కి తగ్గకూడదంట, 10 దాకా పోకూడదంట, 1.143 ఇంటూ 10 పవర్ 6 అనాలంట. అంత వరదని బ్యారేజీ తట్టుకుంది గానీ (పడవలు గుద్ది గేట్ల కౌంటర్ వెయిట్లు విరిగాయనుకోండి, అది వేరే కథ) పాయింటు ఒక్క స్థానం జరిగితే మేడం తట్టుకోలేకపోయింది. పవర్ చూడగానే ఏది పెద్దదో తేలిపోవాలనే ఆ రూలు పెట్టారని మాత్రం ఎవరూ చెప్పలా, పాయింటు ఎడమకి జరిపితే పవర్ పెరుగుద్ది కుడికి జరిపితే తగ్గుద్ది అని వందసార్లు రాయించారు.

అదే మా బ్రోకర్ని చూడండి. మంగళగిరి వైపు పొలం చూపిస్తూ "ఎకరం నాలుగు చెప్తున్నారండీ" అంటాడు. నాలుగేంటి, వేలా లక్షలా అని అడిగినోడు లేడు, నిలబడ్డ చోటుని బట్టే 10 పవర్ 7 అని అందరికీ తెలిసిపోద్ది. సెంటంటే ఎకరంలో 10 పవర్ మైనస్ 2, ఆ మైనస్ కూడా వాడికెవరూ నేర్పలేదు. గుంటూరు మిర్చి యార్డులో క్వింటా పద్నాలుగు అంటే వెనక 10 పవర్ 3 ఉందని రైతుకి తెలుసు, మా మేడం అక్కడుంటే 1.4 అననందుకు ఆ రైతుకీ సున్నానే.

ప్రమాదమూ లేకపోలేదు. మా బావ కొడుకు ఫోన్ చేసి "ర్యాంకు 1.3 నాన్నా" అన్నాడు, మా బావ వీధంతా పూతరేకులు పంచేశాడు. వెనక పవర్ 5 ఉందని సాయంత్రానికి తెలిసింది.

అయినా సరే డెమో క్లాసుకని బ్రోకర్ని పిలిపించా. ఎలక్ట్రాన్ బరువు 9.1 ఇంటూ 10 పవర్ మైనస్ 31 కేజీలు, దీన్ని పిల్లలకి ఎట్లా చెప్తావయ్యా అన్నా. కాసేపు గడ్డం గోక్కుని గొంతు తగ్గించి,

"మైనస్ 31 లోతా? ముంపు ఏరియా సార్, మనకొద్దు."