99 శాతం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అప్‌లోడ్ పట్టీ గారికి,

అమలాపురం నుంచి పెళ్లి వీడియోలు తీసేవాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. తమరు మాత్రం తెర మీద నీలంగా నిగనిగలాడుతూనే ఉన్నారు.

నిన్న మధ్యాహ్నం అదనపు డేటా ప్యాక్ వేయించుకుని మరీ, 6 గిగాబైట్ల ఫైలును రాజమండ్రిలోని ఎడిటరుకు పంపబోయాను. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ దాటి 99కి చేరారు. వాన మొదలైంది, సిగ్నల్ పోయింది. అది తిరిగి వచ్చేసరికి తమరు ఏమీ ఎరగనట్టు సున్నా దగ్గర కూర్చున్నారు.

సిగ్నల్‌ను తప్పు పట్టను. కొబ్బరితోటల మధ్య ఉన్నవాళ్లం, తడిసిన మట్టలు తరంగాలను మింగేస్తాయని తెలుసు. 'ఇంకా రెండు నిమిషాలు' అని గంటసేపు చెప్పే తమ అంచనాను కూడా మగపెళ్లివారి 'బయల్దేరాం' కింద జమకట్టుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సులో పంపుదామంటే, దాని ఫార్మాట్ ఫ్యాట్32 అనే పాతరకం కాబట్టి 4 గిగాబైట్లు దాటిన ఫైలును ముట్టనంది. దాని సంగతి ఇంకో ఉత్తరంలో చూస్తాను.

కానీ చేరినదాన్ని పారేయడం ఏమిటండీ? దారిలో ఒక ప్యాకెట్, అంటే ఒక డేటా ముక్క, పోతే నెట్టులో రవాణా చూసే టీసీపీ దాన్నే మళ్లీ పంపుతుంది గాని మొదటి నుంచి రమ్మనదు. ఆగిన చోట అందుకునే ఆదేశం ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ ప్రమాణంలో 1985లోనే ఉంది. తేడా ఉన్న భాగాలను మాత్రమే పంపే ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం 1996 నాటిది. ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు చెక్‌సమ్, అంటే ముక్క చెడలేదని తేల్చే లెక్క, సరిచూసి, అందినవాటిని లెక్క రాసుకుంటే సరిపోయే పని. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852 నాటికే గోదావరికి ఆనకట్ట కట్టించాడు. తమరికి 6 గిగాబైట్లు నిలుపుకోవడం చేతకాలేదా?

చేతకాకేం, అక్కర్లేదు నీకు! ఎడతెగని నెట్టు ఉన్న ఊళ్లో కూర్చుని ఎవడో నిన్ను తయారుచేశాడు. తెగుతుందన్న ఊహే వాడికి రాలేదు. ఇక్కడ పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లిపోయింది, ఆమె వీడియో మాత్రం ఇంకా గడప దాటలేదు. వాళ్ల నాన్నగారు ఫోను చేస్తే '99 దాకా వెళ్లిందండీ' అంటున్నాను. ఆయన పాపం సంతోషిస్తున్నారు.

నువ్వు మరిచిపోయిన ప్రతి మెగాబైటూ డేటా కంపెనీవాడికి మాత్రం భేషుగ్గా గుర్తుంది. ప్యాక్ అయిపోయిందట, ఇప్పుడే మెసేజు పంపాడు.